నిద్ర చాలని రోజున కూడా తెగిపోని రన్నింగ్ అలవాటు: ఎలా చేసుకోవాలి

రన్నింగ్ మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఒక మంచి రోజు చూసుకుని మొదలుపెడతారు. ఒంట్లో హుషారుగా ఉంటుంది, మనసు కుదురుగా ఉంటుంది, కూర్చుని ఒక పెద్ద లిస్టు రాసుకుంటారు: రేపటి నుంచి రోజూ ఐదింటికి లేస్తాను, రోజూ 5 కి.మీ. పరిగెడతాను, రాత్రి పదికల్లా పడుకుంటాను, చిరుతిళ్లు ముట్టను. నేనూ అలాగే రాసుకున్నాను, అదీ మూడుసార్లు. మూడుసార్లూ రెండు నెలలు దాటలేదు. నాలుగోసారి మొదలుపెట్టేటప్పుడు ఆ లిస్టు పక్కన పడేసి ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని, పొద్దున తల బరువుగా లేచి, తొమ్మిదింటికల్లా తప్పించుకోలేని పని ఉన్న రోజున నేను ఏం చేయగలను? ఆ రోజున చేయగలిగిందే నా అలవాటు, మిగతాదంతా పైన వచ్చే లాభం అనుకున్నాను. అప్పటి నుంచి అది నిలబడింది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా మీ చెడ్డ రోజుని ముందు పెట్టుకుని చెబుతున్నాను. మంచి రోజున ఎవరైనా పరిగెడతారు, దానికి గైడ్ అక్కర్లేదు. ఒక్క మాట ముందే చెప్పాలి: గుండె జబ్బు, షుగర్, బీపీ లాంటివి ఉన్నా, మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు అనిపిస్తున్నా, చాలా ఏళ్లుగా ఒళ్లు కదలని పనిలో ఉన్నా, ముందు డాక్టర్‌ని కలిసి ఆ తర్వాతే మొదలుపెట్టండి.

1. మీ కనీసం ఎంతో ముందే తేల్చుకోండి

పది నిమిషాలు అనుకుందాం. షూస్ వేసుకుని గడప దాటాలి, ఐదు నిమిషాలు ఒకవైపు వెళ్లాలి, ఐదు నిమిషాల్లో వెనక్కి రావాలి. నడక, పరుగు కలిపినా పర్వాలేదు. ఎంత బద్ధకం ఉన్నా "సరే, ఇదొక్కటీ చేసేస్తా" అనిపించేంత చిన్నదిగా ఉండాలి. పది కూడా ఎక్కువనిపిస్తే ఆరు పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

పది నిమిషాలకి ఏమొస్తుంది అని అడుగుతారు. స్టామినా పెద్దగా పెరగదు, నిజమే. ఆ రోజు మీరు పెంచుతున్నది స్టామినా కాదు, పొద్దున లేవగానే షూస్ వైపు కాళ్లు వాటంతటవే వెళ్లే గుణం. పైగా బయటికి వచ్చి ఐదు నిమిషాలు కదిలాక, సగం రోజుల్లో ఇంకాస్త వెళ్దాం అనిపిస్తుంది. అనిపిస్తే వెళ్లండి, అనిపించకపోతే తిరిగొచ్చేయండి. తిరిగొచ్చిన రోజు కూడా చేసిన రోజు కిందే లెక్క, ఇందులో మీతో మీరు బేరాలాడుకోవద్దు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలామంది నమ్ముతారు, 22వ రోజున కూడా మంచం దిగడం కష్టంగానే ఉంటే లోపం తమలోనే ఉందనుకుని మానేస్తారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద 12 వారాలు చేసిన అధ్యయనం 2009లో బయటికొచ్చింది. ఒక్కొక్కరూ రోజూ ఒకే సందర్భంలో చేసే ఒక పని ఎంచుకున్నారు. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా. అంటే మూడో నెలలో కూడా ఇంకా కష్టంగా ఉంటే మీలో ఏ లోపమూ లేనట్టే. అదే అధ్యయనంలో నాకు బాగా ధైర్యమిచ్చిన సంగతి ఇంకోటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు.

2. "పొద్దున్నే" అంటే చాలదు, దేని తర్వాతో చెప్పండి

"రేపటి నుంచి పొద్దున్నే పరిగెడతా" అనే మాట గాల్లో ఉంటుంది. "పళ్లు తోముకోవడం అవగానే షూస్ లేసులు కట్టుకుంటా" అనే మాటకి ఒక కొక్కెం ఉంటుంది, రోజూ జరిగే పనికి అది తగులుకుని ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఈ "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అనే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేశారు, ఉత్తి సంకల్పం కంటే ఇలా ముందే కట్టుకున్న ప్లాన్ ఎక్కువగా అమలవుతుందని చూపించారు. కారణం సులువే. ఆ క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు, నిర్ణయం నిన్ననే అయిపోయింది. నిద్రమత్తులో ఉన్న మనిషిని నిర్ణయాలు అడగకూడదు.

కాబట్టి ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. ఒకటి, ఏ పని అయ్యాక బయల్దేరతారు. రెండు, వాన పడితే ఏం చేస్తారు (ఇంట్లోనే పది నిమిషాలు మెట్లు ఎక్కి దిగడమో, ఉన్నచోటే కదలడమో, ఏదో ఒకటి ముందే తేల్చాలి). మూడు, పొద్దున తప్పితే సాయంత్రం ఏ టైంకి, దేని తర్వాత. సాయంత్రం పరిగెత్తేవాళ్లు పని నుంచి ఇంటికొచ్చి సోఫాలో కూర్చోకముందే బట్టలు మార్చుకునేలా ప్లాన్ చేసుకోవాలి, ఒకసారి కూర్చుంటే ఆ రోజు దాదాపు పోయినట్టే.

తర్వాత రాత్రి పని. షూస్, సాక్సులు, బట్టలు, తాళంచెవి, చీకట్లో వెళ్లేవాళ్లయితే లైటు, మెరిసే పట్టీ, అన్నీ ఒకేచోట తలుపు దగ్గర పెట్టి పడుకోండి. ఫోన్ చార్జింగ్ కూడా అక్కడే పెడితే అలారం ఆపడానికి లేవక తప్పదు, లేచి చూస్తే షూస్ ఎదురుగా ఉంటాయి. నాకు పొద్దున ఒక సాక్సు దొరక్క మానేసిన రోజులున్నాయి, నిజంగా అంత చిన్నదానికే ఆగిపోతాం.

ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. ఆ అరగంటలో మిమ్మల్ని పిలవకుండా ఉండడం వాళ్ల వైపు నుంచి పెద్ద సాయం, దానికి బదులుగా మీరు చెప్పిన టైంకి తిరిగొచ్చి పనందుకోవాలి.

3. నెమ్మదిగా వెళ్లండి, మీరు అనుకునే నెమ్మది కంటే ఇంకా నెమ్మదిగా

కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. రన్నింగ్ నచ్చలేదని చెప్పేవాళ్లని కదిపితే చాలాసార్లు తేలేదేమిటంటే, వాళ్లకి నచ్చనిది ఆయాసం. ప్రతి రోజూ గుండె గొంతులోకి వచ్చేలా పరిగెత్తి, అదే రన్నింగ్ అనుకుని, ఆ బాధ రేపు కూడా ఉంటుందని తెలిసి అలారం ఆపేస్తారు. రేపు చేయాలనిపించని వేగంతో ఇవాళ పరిగెత్తితే అలవాటు ఎలా కుదురుతుంది?

కొలత చాలా తేలిక. పక్కన ఒక స్నేహితుడు ఉన్నాడనుకోండి, అతనితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైంది, తగ్గించండి. తగ్గిస్తే నడకలా ఉంది అంటారా, అయితే నడవండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే 1974 నుంచి కొత్తవాళ్లకి పరుగు మధ్యలో కావాలనే నడక కలిపే పద్ధతి నేర్పారు, లెక్కలేనంత మంది ఆ దారిలో మారథాన్లు పూర్తి చేశారు. అలసిపోయాక నడవడం వేరు, అలసట రాకముందే ప్లాన్ ప్రకారం నడవడం వేరు. మొదటి నెలకి నేను చెప్పేది ఇదీ: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఏడుసార్లు, మొత్తం 21 నిమిషాలు. వారం తర్వాత తేలికనిపిస్తే రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. అనిపించకపోతే ఇంకో వారం అదే చేయండి, మీ వెనక ఎవరూ తరమడం లేదు.

ఇది కొత్తవాళ్లకి మాత్రమే అనుకోవద్దు. స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త అగ్రశ్రేణి ఎండ్యూరెన్స్ క్రీడాకారుల (ఎక్కువసేపు ఓర్పుతో సాగే ఆటలవాళ్ల) ట్రైనింగ్‌ని గమనిస్తే, వాళ్లు చేసే సెషన్లలో దాదాపు 80 శాతం తేలిక వేగంలోనే ఉన్నాయి. 2022లో బెర్లిన్ మారథాన్‌ని 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పూర్తి చేసిన ఎలియుడ్ కిప్చోగే సగటున కిలోమీటరుకి మూడు నిమిషాల కంటే తక్కువ తీసుకున్నాడు, అదే మనిషి తేలిక పరుగు రోజున అంతకంటే ఎంతో నెమ్మదిగా మొదలుపెడతాడు. ఆయనకే తేలిక రోజులు అన్ని కావాల్సి వచ్చినప్పుడు, ఆఫీసు పని, ఇంటి పని, నిద్రలేమి మోసుకుంటూ పరిగెత్తే మనకి ఇంకెన్ని కావాలో ఆలోచించండి.

వాచ్ ఉన్నవాళ్లకి ఒక సలహా: మొదటి రెండు నెలలు పేస్ (కిలోమీటరుకి పట్టే టైం) కనిపించే స్క్రీన్ తీసేసి, ఎంతసేపు పరిగెత్తారో మాత్రమే కనిపించేలా పెట్టుకోండి. నిన్నటి నంబర్‌తో పోటీ మొదలైతే తేలిక పరుగు తేలికగా ఉండదు, ఎదురుగాలి ఉన్న రోజున, వేడిగా ఉన్న రోజున ఆ నంబర్ మిమ్మల్ని ఊరికే బాధపెడుతుంది.

4. స్లాట్ రోజూ ఉండాలి, పరుగు రోజూ ఉండక్కర్లేదు

బ్రిటిష్ రన్నర్ రాన్ హిల్ గురించి విన్నారా? 1970లో బోస్టన్ మారథాన్ గెలిచిన మనిషి, 1964 డిసెంబర్ నుంచి 2017 జనవరి దాకా, 52 ఏళ్లకి పైగా, ఒక్క రోజు కూడా మానకుండా పరిగెత్తాడు. రోజుకి కనీసం ఒక మైలు, అంటే 1.6 కి.మీ., అదీ ఆయన పెట్టుకున్న నియమం. కనీసం చిన్నదిగా పెట్టుకుంటే ఎంత దూరం వెళ్లొచ్చో చూపించిన మనిషిగా ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ పాదానికి ఆపరేషన్ అయినప్పుడు కూడా చేతికర్రల సాయంతో ఆ మైలు పూర్తి చేశాడు, ఆఖరికి పరుగు మధ్యలో ఛాతీ నొప్పి వచ్చాకే ఆ లెక్క ఆపాడు. మనలాంటి వాళ్లకి లెక్క కోసం గాయం మీద పరిగెత్తే స్థితి రాకూడదు.

అందుకని నేను చేసేది ఇది. ఆ అరగంట ఏడు రోజులూ నాదే, లేచే టైం ఏడు రోజులూ ఒకటే. అందులో నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు కండరాలకి బలం ఇచ్చే వ్యాయామం, ఒక రోజు ఉత్తి నడక. కొత్తవాళ్లయితే మూడు రోజులు పరుగు, మధ్యలో కనీసం ఒక్కో రోజు ఖాళీ. టైం మారకపోతే శరీరం ఆ టైంకి లేవడం నేర్చుకుంటుంది, ఏ రోజు పరుగు ఏ రోజు కాదు అనే తికమక కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి వారానికి 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం గానీ, 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గానీ చెప్పింది, దాంతోపాటు వారంలో రెండు రోజులైనా కండరాల బలం కోసం చేయమంది. పైన చెప్పిన వారం అంతా దాదాపు అందులో పడిపోతుంది.

5. పెంచడం: ఊపిరిని కాదు, ఎముకని అడగండి

మొదలుపెట్టిన ఐదారు వారాలకి ఒక తియ్యటి దశ వస్తుంది. ఆయాసం తగ్గుతుంది, నిన్నటిదాకా భారంగా ఉన్న దూరం తేలికైపోతుంది, ఇంకా పరిగెత్తాలనిపిస్తుంది. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. మొదటిసారి మొదలుపెట్టిన ఆరో వారంలో, 4 కి.మీ. మించి ఎప్పుడూ పరిగెత్తని కాళ్లతో ఒక ఆదివారం 8 కి.మీ. వెళ్లాను, ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. మంగళవారానికి మోకాలి కింద, ముందువైపు ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి. రన్నర్లు షిన్ స్ప్లింట్స్ అంటారు. దాని మీదే ఇంకో రెండు వారాలు పరిగెత్తాను, తర్వాత నాలుగు నెలలు పరుగు లేదు.

గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటుపడతాయి. కండరాలు కాస్త వెనక, వాటి వెనక కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు, ఎముకలు, వీటికి నెలలు పడుతుంది. అంటే ఊపిరి "ఇంకా వెళ్దాం" అంటున్నప్పుడు ఎముక ఇంకా తయారవుతూనే ఉంటుంది, దానికి నోరు లేదు కాబట్టి మనకి వినపడదు.

వారానికి 10 శాతం మించి పెంచకూడదనే పాత సూత్రం అందరూ చెబుతారు. 2025లో 5,200 మందికి పైగా రన్నర్ల మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఈ లెక్కని ఇంకో వైపు నుంచి చూసింది. వారం మొత్తం ఎంత పెరిగిందనే దానికంటే, ఒక్క పరుగు గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగు కంటే 10 శాతం దాటినప్పుడు గాయం అవకాశం పెరిగిందని తేలింది. నా ఆదివారం 8 కి.మీ. చూడండి, 100 శాతం ఎక్కువ. కాబట్టి మీరు పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే: గత నెలలో ఎక్కువలో ఎక్కువ 6 కి.మీ. పరిగెత్తి ఉంటే ఈసారి ఆరున్నర దాటొద్దు. స్నేహితులు పిలిచినా, వాతావరణం ఎంత బాగున్నా. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి, ఆ తగ్గించిన వారం చాలామందికి నచ్చదు కానీ నాకు మాత్రం దాని తర్వాతి వారంలోనే కాళ్లు తేలికగా ఉంటాయి.

6. వారానికి రెండుసార్లు పదిహేను నిమిషాల బలం

పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులో నేల మీద పడేది మీ శరీర బరువుకి రెండు మూడు రెట్లు, అదీ ఒంటికాలి మీద. ఆ బరువు మోసేది ముఖ్యంగా పిక్కలు, తొడలు, పిరుదులు. 2014లో 25 ప్రయోగాలని, 26,610 మంది ఫలితాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో బలం పెంచే వ్యాయామాలు క్రీడా గాయాలని మూడో వంతు కంటే తక్కువకి తగ్గించాయి, స్ట్రెచింగ్ వల్ల మాత్రం అలాంటి రక్షణ కనిపించలేదు. స్ట్రెచింగ్ హాయిగా అనిపిస్తే చేసుకోండి, నేనూ చేస్తాను, కానీ దాన్ని నమ్ముకుని ఇది మానొద్దు. పరుగుకి ముందు కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ బదులు ఐదు నిమిషాల చురుకైన నడక, కాళ్లు ఊపడం, మోకాళ్లు పైకెత్తి నడవడం చాలు.

ఏం చేయాలంటే, ముందు పిక్కలు. మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రం ఆనించి, గోడ పట్టుకుని, మడమలు పైకి లేపి, మూడు అంకెలు లెక్కపెడుతూ మెట్టు కిందికి దించండి. పన్నెండుసార్లు, మూడు విడతలు. రెండు కాళ్లతో తేలికయ్యాక ఒంటికాలితో. తర్వాత కుర్చీలో కూర్చోబోయినట్టు స్క్వాట్స్, వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపే బ్రిడ్జ్, ఒంటికాలి మీద నిలబడి ముందుకి వంగి లేవడం, చివర బోర్లా మోచేతులు, కాలివేళ్ల మీద ఆని ఒళ్లు నిటారుగా పట్టి ఉంచే ప్లాంక్ అర నిమిషం. జిమ్ లేకపోయినా పర్వాలేదు. ఒక్కటే చేసే ఓపిక ఉంటే పిక్కల వ్యాయామం చేయండి.

షూస్ గురించి ఎక్కువ చెప్పను. వేసుకుని నాలుగడుగులు పరిగెత్తి చూసినప్పుడు ఎక్కడా నొక్కకుండా, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే అవి మంచి షూస్. సుమారు 500 నుంచి 800 కి.మీ. దాటాక మార్చే ఆలోచన చేయండి.

7. పొద్దుటి పరుగు రాత్రే మొదలవుతుంది

పెద్దవాళ్లకి రాత్రికి 7 గంటలు, అంతకంటే ఎక్కువ నిద్ర కావాలని నిద్ర నిపుణుల సంఘాలు చెబుతాయి, పరిగెత్తేవాళ్లకి అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పరుగు చేసిన నష్టాన్ని శరీరం సరిచేసుకునేది ఎక్కువగా నిద్రలోనే. టీనేజ్ క్రీడాకారుల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రాత్రికి 8 గంటల కంటే తక్కువ పడుకునేవాళ్లు గాయపడే అవకాశం 1.7 రెట్లు ఉంది. అలారం ఐదింటికి పెట్టుకుని పడుకోవడం మాత్రం పాత టైంకే ఉంచితే మీరు నిద్రని కోసి పరుగుకి అతికిస్తున్నారు, ఆ అతుకు ఎక్కువ రోజులు ఆగదు.

అందుకే పొద్దున అలారంతో పాటు రాత్రి కూడా ఒకటి పెట్టండి, పడుకోవాల్సిన టైంకి ముప్పావుగంట ముందు. అది మోగగానే బట్టలు, షూస్ సర్దడం, ఫోన్ తలుపు దగ్గర పెట్టడం, లైట్లు తగ్గించడం. పడుకునే టైం ఒకేసారి గంట ముందుకి జరపొద్దు, మూడు నాలుగు రోజులకి పావుగంట చొప్పున జరపండి. కాఫీ తాగేవాళ్లకి ఒక లెక్క: కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఐదింటికి తాగిన దాంట్లో సగం రాత్రి పదింటికి ఇంకా లోపలే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత తాగకుండా ఒక వారం ఉండి చూడండి. సాయంత్రం గట్టిగా పరిగెత్తితే నిద్ర పట్టని వాళ్లు దానికీ పడకకీ మధ్య కనీసం ఒక గంట, వీలైతే రెండు గంటలు ఉంచాలి.

ఇక చెడ్డ రోజు. నిద్ర సరిగ్గా పట్టలేదు, అలారం మోగింది, అప్పుడు ఏం చేయాలి? నా లెక్క ఇలా ఉంటుంది. ఆరు గంటలకి పైగా నిద్రపోయానా, ఆ రోజు ఏది ఉందో అదే చేస్తాను. ఐదారు గంటలైతే పరుగు ఉంటుంది కానీ తేలికది, స్పీడ్ వర్కౌట్ ఉంటే ఇంకో రోజుకి మారుస్తాను. ఐదు కంటే తక్కువైతే పది నిమిషాలు బయట నడిచి వచ్చేస్తాను, వరసగా రెండో రాత్రి కూడా అలాగే అయితే పడుకునే ఉంటాను, ఆ రోజుకి నిద్రే నా ట్రైనింగ్. చిన్నపిల్లలున్న వాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఈ లెక్కని ఇంకా వదులుగా పెట్టుకోండి, వారం మొత్తం మీద మూడుసార్లు బయటికి వచ్చారంటే చాలా బాగా చేస్తున్నట్టే.

8. తిండి, నీళ్లు

గంట లోపు తేలిక పరుగుకి ప్రత్యేకంగా ఏమీ తినక్కర్లేదు, ఖాళీ కడుపుతో కళ్లు తిరిగేవాళ్లు తేలిగ్గా అరిగేది ఏదైనా కొంచెం తిని వెళ్లండి. వచ్చాక గంటా రెండు గంటల్లో పిండిపదార్థాలు, ప్రోటీన్ రెండూ ఉన్న మామూలు భోజనం చాలు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.4 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అంతా ఒకే పూట కాకుండా రోజంతా పంచుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పరుగు మొదలుపెట్టిన వారంలోనే కఠినమైన డైటింగ్ మొదలుపెట్టకండి. ఖర్చు పెరిగి రాబడి తగ్గితే శరీరం ఎక్కడో ఒకచోట కోత పెడుతుంది: ఎముకల బలం, హార్మోన్లు, రోగనిరోధక శక్తి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అనే పేరు పెట్టి క్రీడాకారులని హెచ్చరించింది. ఆడవాళ్లకి నెలసరి తప్పడం, గతి తప్పడం దాని ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. బాగా ట్రైనింగ్ అవుతోంది కాబట్టి ఆగిందిలే అని వదిలేయకండి, డాక్టర్‌కి చూపించుకోండి. మగవాళ్లలో ఎప్పుడూ నీరసం, చిరాకు, కోరికలు తగ్గడం, మళ్లీ మళ్లీ గాయాలు, ఇలా బయటపడుతుంది.

నీళ్లు దాహం వేసినప్పుడు తాగండి. ఎక్కువ తాగితే ఎక్కువ మంచిదనేది నిజం కాదు, 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గి ఉంది, దానికి ముఖ్య కారణం అవసరానికి మించి తాగడమే. బాగా వేడిగా ఉన్నప్పుడు, గంట దాటి పరిగెత్తేటప్పుడు కొంచెం ఉప్పు, చక్కెర ఉన్న డ్రింక్ పనికొస్తుంది.

9. నొప్పి ఏ రకమో చూసుకోండి

రెండు కాళ్లలోనూ, కండరమంతా పరుచుకుని, మొద్దుగా ఉండే నొప్పి పరుగు తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎక్కువై తగ్గిపోతుంది, కదిలితే ఇంకా తేలికవుతుంది. దానికి భయపడక్కర్లేదు. ఒక్క కాలిలోనే ఉండి, వేలితో "ఇదిగో ఇక్కడ" అని చూపించగలిగే నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, రాత్రి పడుకున్నా సలిపే నొప్పి, కుంటేలా చేసే నొప్పి, వీటిలో ఏది ఉన్నా పరుగు ఆపండి. వారం పది రోజుల్లో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికో, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు చీకట్లు కమ్మడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం అయితే అక్కడికక్కడే ఆగి వెంటనే వైద్య సాయం తీసుకోవాలి, ఇంటికెళ్లి చూద్దాం అనుకోవద్దు.

జ్వరం ఉంటే పరుగు లేదు. జ్వరం పూర్తిగా తగ్గాక కూడా రెండు మూడు రోజులు నడకే.

10. రోజుకి ఒక్క లైను రాయండి

కిప్చోగే 2003 నుంచి తన ట్రైనింగ్‌ని నోట్ పుస్తకాల్లో చేత్తో రాసుకుంటూ వస్తున్నాడు. మనకి అంత వివరం అక్కర్లేదు. తేదీ, ఎన్ని నిమిషాలు, రాత్రి ఎన్ని గంటల నిద్ర, కాళ్లు ఎలా ఉన్నాయి, అంతే, ఇరవై సెకన్ల పని. యాప్‌లు దూరాన్ని, వేగాన్ని చక్కగా రాస్తాయి కానీ "ఎడమ మడమ పొద్దున మంచం దిగగానే పట్టేసింది" అని రాయలేవు, ఆ మాటే మూడు వారాల తర్వాత వచ్చే పెద్ద గాయానికి మొదటి కబురు కావచ్చు. నా పుస్తకం తిరగేస్తే ఒకటి తెలిసింది: నాకు జలుబు చేసిన ప్రతిసారీ, మోకాలు మొరాయించిన ప్రతిసారీ, దాని ముందు వారంలో నిద్ర ఆరు గంటల లోపే ఉంది. ఎవరో చెబితే ఇంతగా నమ్మేవాణ్ని కాదు, నా చేతిరాతలో కనిపించింది కాబట్టి నమ్మాను.

11. గ్యాప్ వచ్చాక

వస్తుంది. ప్రయాణాలు, పరీక్షలు, ఇంట్లో ఎవరికో బాగోలేకపోవడం, వరస వానలు. అలవాటు నిజంగా తెగేది గ్యాప్ వచ్చినప్పుడు కాదు, గ్యాప్ తర్వాత మొదటి రోజున. ఆ రోజు పాత వేగంతో వెళ్లి, ఆయాసపడి, అంతా పోయిందని కుంగిపోయి మళ్లీ షూస్ ముట్టరు. నిజానికి అంతా పోదు. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా ట్రైనింగ్ అయిన క్రీడాకారులని పూర్తిగా ఆపించి కొలిస్తే, మొదటి మూడు వారాల్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం సుమారు 7 శాతమే తగ్గింది.

మూడు నాలుగు రోజులు పోతే ఏమీ జరగనట్టు ఎక్కడ ఆపారో అక్కడి నుంచే కొనసాగించండి, పోయిన కిలోమీటర్లని వారాంతంలో కలిపి కొట్టేయాలని చూడొద్దు. వారం పోతే మొదటి రెండు పరుగులు తేలికవి, పొట్టివి. రెండు మూడు వారాలైతే పాత దూరంలో సగంతో మొదలుపెట్టి రెండు వారాల్లో వెనక్కి తెచ్చుకోండి. నెల దాటితే మళ్లీ నడక, పరుగు కలిపే పద్ధతికి రండి, గాయం వల్ల ఆగినవాళ్లు ముందు అరగంట చురుకైన నడక నొప్పి లేకుండా చేయగలుగుతున్నారో లేదో చూసుకోవాలి. 30 రోజుల లెక్క ఇక్కడ కూడా గుర్తుంచుకోండి, గ్యాప్ తర్వాత గత నెలలో మీ అతి పొడవైన పరుగు మీరు అనుకునే దానికంటే చిన్నదే.

మొన్న నాకు ఐదు వారాల గ్యాప్ వచ్చింది. తిరిగి మొదలుపెట్టిన రోజు వాచ్ ఇంట్లోనే వదిలేసి వెళ్లాను, ఐదు నిమిషాలు ఒకవైపు, ఐదు నిమిషాలు వెనక్కి, సగం నడకే. వచ్చి పుస్తకంలో "10 నిమిషాలు, నిద్ర 6 గంటలు, కాళ్లు బరువు" అని రాసి, షూస్ మళ్లీ తలుపు దగ్గర పెట్టాను.